విమానంలో వేసిన తువాలు

నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చెప్పబోయేది, కట్టుకున్న భార్యను పట్టపగలు, నిండు విమానం ముందు, "ఆమె ఎవరో నాకు తెలీదు" అని చెప్పి దాదాపు పోగొట్టుకున్న సంగతి. తాగి అన్న మాట కాదు. నోరు జారి అన్నదీ కాదు. బాగా ఆలోచించి, నా తెలివికి నేనే మురిసిపోతూ అన్నాను.

మాది ఆదోని. నా పని ఎమ్మిగనూరులో, ఒక బట్టల అంగడిలో. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. మీరు మా బస్టాండు చూసి ఉండకపోతే మీ అదృష్టం. అక్కడ బస్సు ఆగాక ఎక్కాలనుకునేవాడికి సీటు దొరకదు. బస్సు ఇంకా గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే దాని పక్కన పరుగెత్తి, కిటికీలోంచి తువాలు విసరాలి. తువాలు ఏ సీటు మీద పడితే ఆ సీటు మనది. తువాలు లేనివాళ్ళు సంచి వేస్తారు. సంచి లేనివాళ్ళు చెప్పు వేస్తారు. చంకలో బిడ్డ ఉంటే బిడ్డనే కిటికీలోంచి లోపలికి అందిస్తారు. ఒకరు వేసినదాన్ని తీసేసి ఇంకొకరు కూర్చోరు. మా బస్టాండులో మనిషికీ మనిషికీ మధ్య మిగిలిన మర్యాద అదొక్కటే.

ఆ విద్యలో నన్ను కొట్టినవాడు లేడు. కదిలే బస్సులో, కావలసిన వరుసలో, కావలసిన పక్క సీటు మీద తువాలు పరిచినట్టు పడేలా వేసేవాణ్ణి. ఓడింది ఒక్కసారే. సీటులో హాయిగా కూర్చుని ఉంటే ఒకాయన వచ్చి, "ఈరన్నా, కింద మీయమ్మ పిలుస్తాంది, బిరీన పో" అన్నాడు. దిగి చూస్తే అమ్మా లేదు, ఎవరూ లేరు. తిరిగి ఎక్కేసరికి ఆయన నా సీటులో కూర్చుని నా తువాలు మడిచి నా చేతికిచ్చాడు. ఎమ్మిగనూరు దాకా నిలబడి పళ్ళు నూరుకున్నాను. కింద ఎవరు పిలిచినా సరే, ఇక సీటులోంచి లేచేది లేదని ఆ రోజే తేల్చుకున్నాను.

ఇంత విద్య ఉండి ఏం లాభం, ఇంట్లో మాత్రం చిక్కు వచ్చిపడింది. ఒక గురువారం అందరం మంత్రాలయం బయలుదేరాం. నేను ఎప్పటిలాగే పరుగెత్తి సీట్లు పట్టాను. అమ్మకొకటి, చెల్లెలికొకటి, చెల్లెలి అత్తకొకటి. వాళ్ళను కూర్చోబెట్టి, నాకు మిగిలినదాంట్లో నేను కూర్చుని, చెమట తుడుచుకుని, నా ప్రతాపానికి నేనే సంతోషిస్తూ కన్ను మూశాను. మంత్రాలయంలో కళ్ళు తెరిస్తే సరోజ నిలబడి ఉంది. సరోజ అంటే నా భార్య. దారంతా నిలబడే వచ్చింది, చంకలో మా చెల్లెలి బిడ్డను ఎత్తుకుని.

చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి ఒకరోజు అన్నం పెడుతూ నోరు విప్పింది.

"సీటు రాలేదని కాదప్పా నా బాధ. నేనొకదాన్ని ఉండానని నీకు గ్యాపకమే రాలేదు సూడు, అది."

నేనేమో సీటు సంగతే అనుకున్నాను. ఆడవాళ్ళు అది కాదు ఇది అంటే, ఇది కాదు అదేనని అర్థం చేసుకునే రకం నేను. "ఈసారి సూడు, నీకు ఎట్లాంటి సీటు పడతానో" అన్నాను. ఆమె చారు పోసింది.

ఆ ఈసారి తొందరగానే వచ్చింది. సరోజ వాళ్ళ అక్క విశాఖపట్నంలో ఉంటుంది. వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు. పాలు పొంగించడానికి రమ్మని మా తోడల్లుడు కర్నూలు నుంచి విమానం టిక్కెట్లే పంపాడు. పంపి ఫోను చేశాడు.

"ఈరన్నా, ఈ విమానంలో సీటు నంబర్లు ఉండవు. ముందు ఎక్కినోళ్ళు యాడ కావాలంటే ఆడ కూసోవచ్చు. కొంచెం ముందుగా పోతే ఇద్దరికీ పక్కపక్కన దొరుకుతాయి."

సీటు నంబర్లు లేవట. ముందు ఎక్కినవాడిదే సీటట. నాకు ఒళ్ళు పులకరించింది. అంత పెద్ద కంపెనీ నన్ను దృష్టిలో పెట్టుకుని విమానం నడుపుతున్నట్టు అనిపించింది. ఇప్పుడా కంపెనీ లేదు, మూసేశారు. నా ఉసురే తగిలిందని నా నమ్మకం.

బయలుదేరే ముందు రోజు సరోజ చీరలు సర్దుతూ నా వైపు చూడకుండా చెప్పింది. "నేను విమానం ఎక్కేది ఇదే మొదలు. నాకు భయమైతాది. నువ్వు పక్కన ఉండల్ల. ఈసారి గూడ నన్ను యాడనో ఇడ్సిపెట్టి నీ పాటికి నువ్వు కూసుంటే, నేను అక్కోళ్ళింట్లోనే ఉండిపోతా. నువ్వొకడివే తిరిగి రా."

"నీ పక్కన నేను, నా పక్కన నువ్వు. మధ్యలో దేవుడొచ్చినా కూసోనియ్యను" అన్నాను.

"ఆ తువాలు ఎందుకు పెడతాండావు సంచిలో?"

"తుడుచుకునేదానికి."

అబద్ధం. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన కొత్త తువాలు అది, ఎర్ర అంచుది. విమానానికి పాతది ఏం బాగుంటుందని అంగడిలోంచి ప్రత్యేకంగా తెచ్చుకున్నాను.

విమానాశ్రయంలో అడుగుపెట్టినప్పటి నుంచే నాకు కోపం మొదలైంది. బెల్టు విప్పమన్నారు, విప్పాను. జేబులు ఖాళీ చేయమన్నారు, చేశాను. తువాలును పళ్ళెంలో పెట్టి యంత్రంలోకి పంపితే, అక్కడున్నతను దాన్ని విప్పి, దులిపి, వెలుతురుకు పట్టి చూశాడు. అంత అనుమానం దేనికో నాకు అర్థం కాలేదు. లోపల గాజు తలుపు ముందు వరుసలో నిలబడ్డాం. నా ముందు ఒక్కడే ఉన్నాడు. లావుపాటి మనిషి, చేతిలో నల్ల బ్రీఫ్‌కేసు. అతను వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. బస్టాండులో అలా నవ్వేవాళ్ళను నేను నమ్మను.

తలుపు దగ్గరి అమ్మాయి మా ఇద్దరి బోర్డింగ్ కార్డులూ చూసి, చింపాల్సిన ముక్క చింపి, రెండూ నా చేతికే ఇచ్చింది. నేను రెంటినీ చొక్కా జేబులో పెట్టి పైన చేత్తో తట్టుకున్నాను. వస్తువు భద్రం చేయడంలో నాకు మొదటి నుంచీ శ్రద్ధ ఎక్కువ.

తలుపు తెరిచారు. దూరంగా ఎండలో చిన్న విమానం నిలబడి ఉంది. నడుచుకుంటూ పోయి ఎక్కాలి. బ్రీఫ్‌కేసు మనిషి తీరిగ్గా నడుస్తున్నాడు. నేను సంచి సరోజ చేతిలో పెట్టి, తువాలు మాత్రం లాక్కున్నాను.

"నువ్వు నడుసుకుంటా రా. నేను పోయి పట్టేస్తా."

"ఏయ్, ఉండప్పా, కలిసే పోదాం" అని ఆమె అంటూనే ఉంది. నేను పరుగు అందుకున్నాను. వెనక నుంచి ఎవరో "సార్, పరిగెత్తకూడదు సార్" అని అరిచారు. నన్ను ఆపి తాను ముందుకు పోవాలని చూసేవాడు అట్లాగే అరుస్తాడు. ఇంకా గట్టిగా పరుగెత్తాను.

విమానం దగ్గరికి పోతూ అలవాటు కొద్దీ తువాలు ఉండచుట్టి చెయ్యి ఎత్తాను. అన్ని కిటికీలూ మూసే ఉన్నాయి. ఒక్కదానికీ తెరిచే ఏర్పాటు లేదు. కిటికీ తెరుచుకోని బండిని ఏ బుద్ధిమంతుడు తయారుచేశాడో కనిపిస్తే అడగాలనిపించింది. తోక దగ్గర మెట్లున్నాయి. మెట్ల కింద నిలబడినతను కార్డు అడిగితే నాది చూపించి మళ్ళీ జేబులో పెట్టుకుని పైకి ఎక్కాను. లోపల ఒక్క పురుగు లేదు. అంతా ఖాళీ. ఆదోని బస్టాండులో ఇన్నేళ్ళలో అంత ఖాళీ బస్సు నేను చూడలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేరుగా ముందుకు పోయాను. బస్సులో మంచి సీటంటే ముందు సీటే. మొదటి వరుసలో కిటికీ పక్క సీటు మీద తువాలు పరిచి, పక్కదాంట్లో నేను కూర్చున్నాను. ఎర్ర అంచు బాగా కనిపించేలా సర్దాను కూడా.

జనం రావడం మొదలైంది. బ్రీఫ్‌కేసు మనిషి నా దగ్గరికే వచ్చాడు.

"ఈడ ఎవరన్నా ఉన్నారా సార్?"

"ఉన్నారు."

"ఎవరూ కనపడలేదే. తువాలుంది."

"తువాలుంటే మనిషి ఉన్నట్లే. మీది యా ఊరు?"

"కర్నూలు."

"అందుకే తెలీదు."

అతను నవ్వుకుంటూ వెనక్కి పోయాడు. ఆ తర్వాత ఒక ముసలాయన, ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, ఆ తర్వాత కూర్చున్న మనిషికి వినబడేలా గొణుక్కునే ఒక పంతులుగారు. అందరికీ ఒకటే జవాబు. ఒక్కొక్కరు వెనక్కి పోతుంటే నాకు గర్వంగానూ ఉంది, సరోజ ఇంకా రాలేదని కోపంగానూ ఉంది. నేను ఇక్కడ ప్రాణాలకు తెగించి సీటు కాస్తుంటే ఈమె అక్కడ విమానాన్ని చుట్టూ తిరిగి చూస్తున్నట్టుందని విసుక్కున్నాను.

విమానంలోని అమ్మాయి వచ్చింది. చక్కగా కృష్ణా జిల్లా మాట. "సార్, ఇక్కడ సీట్లు రిజర్వ్ చేయడానికి వీల్లేదండీ."

"రిజర్వ్ చేయలేదమ్మా. తువాలు వేసినా."

ఆమె ఏదో అనబోయి, మెట్ల దగ్గర నుంచి ఎవరో పిలిస్తే పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి గొంతు తగ్గించి.

"ఈరన్న గారంటే మీరేనాండీ? మీ మిసెస్ కింద ఆగిపోయారండీ. ఆవిడ బోర్డింగ్ కార్డు మీ దగ్గర ఉందట. ఒక్కసారి కిందికి వస్తారా?"

నా వెన్ను నిటారుగా అయింది. కింద పిలుస్తున్నారట. సీటులోంచి లేచి రావాలట. పేరు కూడా కనుక్కుని వచ్చింది. ఎమ్మిగనూరు బస్సులో నన్ను లేపిన మాట అక్షరం మారకుండా ఇన్ని వేల అడుగుల ఎత్తున ఎగిరే బండిలోకి కూడా వచ్చిందంటే నాకు ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత మండింది.

"ఇట్లాంటివి సానా సూసినానమ్మా" అన్నాను.

"అదికాదండీ, ఆవిడ ఎండలో నిలబడి ఉన్నారు."

"మా ఆమె అయితే నడుసుకుంటా పైకి వస్తాది. రమ్మను."

"కార్డు లేకుండా పంపరండీ. మీ జేబులో ఉందేమో చూడండి."

"నాతావ ఎవరి కార్డూ లేదు." ఈ మాట అంటున్నప్పుడు నా చెయ్యి జేబు మీదే ఉంది. రెండు కార్డులూ వేళ్ళకు తగులుతూనే ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. కోపంలో ఉన్నవాడి చేతికి ఏది తగిలినా తలకు ఎక్కదు.

అప్పుడు వెనక నుంచి బ్రీఫ్‌కేసు మనిషి లేచి వచ్చాడు. "పోయి సూసి రాండి సార్. మీ సీటు నేను సూసుకుంటా."

అంతే, నాకు మొత్తం అర్థమైపోయింది. వీడూ ఆమే కలిసే ఆడుతున్నారు. సీటు నేను చూసుకుంటానన్నవాడు ఎలా చూసుకుంటాడో నాకు తెలియనిది కాదు. లేచి నిలబడి, అంటే పూర్తిగా లేవలేదు, ఒక కాలు సీటు మీదే ఉంచి, విమానం మొత్తానికి వినపడేలా చెప్పాను.

"కింద ఉండే ఆమె ఎవరో నాకు తెలీదు. నన్ను లేపేదానికి ఎన్ని నాటకాలాడినా నేను లేవను. మీ ఇష్టమొచ్చినట్లు సేసుకోండి."

ఆ అమ్మాయి నన్ను ఒకసారి చూసి వెనక్కి పోయింది. మెట్ల పైన నిలబడి కిందికి చెప్పింది. గొంతు మంచిది, ముందు వరుస దాకా స్పష్టంగా వినిపించింది.

"మేడమ్, ఆయన మీరెవరో తెలియదంటున్నారండీ."

నాకెందుకో అనుమానం వచ్చింది. మెల్లగా జేబులోంచి కార్డులు తీసి చూశాను. ఒకదాని మీద నా పేరు. రెండోదాని మీద సరోజ పేరు. ఆ పేరును ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఇప్పుడు లేచి పరుగెత్తాలి కదా. మీరైతే పరుగెత్తేవాళ్ళు. నేను లేవబోయి, తువాలు చూసి, బ్రీఫ్‌కేసు మనిషిని చూసి, మళ్ళీ కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, కూర్చున్నాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

వాళ్ళే ఆమె ఆధారు కార్డు చూసి, పేరు సరిచూసుకుని పైకి పంపారు. సరోజ వచ్చింది. ముఖం ఎండకు కంది ఉంది. రెండు చేతుల్లో రెండు సంచులు, నాది కూడా ఆమే మోసింది. అన్ని వరుసల్లోని జనం తలలు తిప్పి ఆమెను చూస్తున్నారు. నేను తువాలు ఎత్తి సీటు మీద చేత్తో తట్టాను.

"రా సరోజా. కిటికీ పక్కది. నీ కోసమే కొట్లాడి ఉంచినా."

ఆమె నన్ను చూసింది. బస్సులో పక్కన నిలబడిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వెవరో నాకు తెలీదప్పా" అంది, చాలా మామూలుగా.

తర్వాత బ్రీఫ్‌కేసు మనిషి వైపు తిరిగింది. "అన్నా, మీరు యాడ కూసున్నారు?"

"ఆఖరి వరుసలోమ్మా."

"మీరు ఈడ కూసోండి. నేను ఆడికి పోతా."

అతను మొహమాటపడ్డాడు. "అయ్యో, మీవాళ్ళ పక్కన మీరు కూసోండమ్మా."

"మావాళ్ళు ఎవురూ లేరన్నా ఈడ."

నా చేతిలోని తువాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. బ్రీఫ్‌కేసు మనిషి నా మోకాళ్ళ మీదుగా కిటికీ పక్కకు చేరి, "సీటు బాగుంది సార్" అన్నాడు.

విమానం లేచింది. మొదటిసారి ఎక్కింది, భయమవుతుందని చెప్పింది, పక్కన ఉండమంది. ఆమె తోకలో, నేను ముక్కులో. లేచి చూడబోతే ఆ అమ్మాయి "కూర్చోండి సార్, బెల్టు" అంటుంది. పక్కనాయనేమో కిటికీలోంచి చూస్తూ ఒకటే చెప్పడం. అదిగో నది సార్, అదిగో కొండలు సార్, మేఘాలు సూడండి సార్, దూది ఏకినట్లుండాయి. ఏదీ నాకు కనబడలేదు. అతని తలకాయే కనబడింది. "మీ ఆవిడా?" అని అడిగాడు ఒకసారి. నేను ఒళ్ళోని తువాలుకు ఇంకో మడత పెట్టాను. అతను నా భుజం తట్టి, "సర్దుకుంటాది లెండి" అన్నాడు. అతను మంచివాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

విశాఖపట్నంలో దిగాక ఇంకొకటి తెలిసింది. తలుపు తోక దగ్గర ఉంటే, ముందు వరుసవాళ్ళు దిగేది అందరికంటే చివర. సరోజ మొట్టమొదట దిగింది. నేను ముసలాయన వెనక, పంతులుగారి వెనక, చివరన దిగి బయటికొచ్చేసరికి ఆమె లేదు. మా తోడల్లుడికి ఫోను చేశాను.

"ఈరన్నా, నువ్వు రాలేదు గదా? మేము కారులో ఇంటికి పోతాండాం."

"రాకపోయేదేమి? ఈడే నిలబడినా. సరోజ ఏం సెప్పింది?"

అతను కాసేపు నవ్వు ఆపుకున్నాడు. "మీ ఆయన యాడమ్మా అంటే, 'ఆయనకు మంచి సీటు దొరికింది, దాన్ని ఇడ్సిపెట్టి రాడు' అన్నాది."

ఆటోలో పోయాను. కొత్త ఇల్లు కళకళలాడుతోంది. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి, సరోజ అందరితో మాట్లాడింది, నాతో తప్ప. సాయంత్రం మేడ మీద ఒంటరిగా దొరికింది. బట్టలు ఆరేస్తోంది.

"నిజంగానే ఈడ ఉండిపోతావా?" అని అడిగాను.

"ఉండిపోవల్లనే ఉండాది."

"నీ కోసమే గదా సరోజా పరుగెత్తినా. సీటు కోసం..."

"నేను సీటు ఎప్పుడడిగినాను?" ఆమె తీగ మీద చీర లాగుతూ అంది. "పక్కన ఉండమన్నా. పెండ్లయినప్పటి నుంచి నువ్వు ముందర పరుగెత్తేది, నేను వెనక సంచులు మోసుకుంటా వచ్చేది. ఆ మెట్ల కింద వాడు మీ ఆయన పేరేంది అని అడిగితే సెప్పినా. ఆయనే నేనెవరో తెలీదన్నాడని పై నుంచి సెప్పినారు. అందరూ నన్నే సూసినారు. నాకు ఎట్లుంటాది, సెప్పు."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కంపెనీ మీద తెచ్చుకున్నాను, ఆ అమ్మాయి మీద, కర్నూలాయన మీద, తెరుచుకోని కిటికీల మీద తెచ్చుకున్నాను. ఏదీ నిలవలేదు. చివరికి నా మీద నాకే వచ్చింది. "తప్పయిపోయింది" అన్నాను. తీగ మీద మిగిలిన బట్టలు నేనే ఆరేశాను, తలకిందులుగానే అయినా.

రెండు రోజుల తర్వాత ఆమె సంచి సర్దుకుంది. "వస్తా. అయితే టిక్కెట్లు నేనే తీయిస్తా" అంది. నేను ఎగిరి గంతేశాను. స్టేషనులో టిక్కెట్టు చూసుకుంటే ఆమె పెట్టె రైలుకు ఆ చివర, నా పెట్టె ఈ చివర.

"ఇదేంది సరోజా, ఇద్దరం ఒకసోట ఉండల్ల గదా."

"కిటికీ పక్కదే తీయించినా నీకు. నిద్రపట్టేంత మంచి సీటు. ఎవురూ నిన్ను లేపరు" అంది.

అందుకని పాఠకులారా, మీ అందరి ముందూ, నిండు మనసుతో, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. బస్సయినా, రైలయినా, విమానమయినా, రేపు చంద్రమండలానికి సీటు నంబర్లు లేని బండి వేసినా, నా భార్యను వెనక వదిలి ఒక్క అడుగు ముందుకు పరుగెత్తను. కింద నుంచి ఎవరు పిలిచినా ముందు దిగుతాను, ఆ తర్వాతే అనుమానిస్తాను. ఆమె ఎవరని ఎవరడిగినా, సీటు పోతే పోయిందని, నా భార్య అని చెబుతాను.

ఆ రాత్రి రైలు ఆగిన ప్రతి స్టేషనులోనూ దిగి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఆమె కిటికీ దగ్గర నిలబడి వచ్చాను. మొదటి స్టేషనులో ఆమె కిటికీ తలుపు వేసేసింది. రెండోదాంట్లో టీ తీసుకుంది. మూడోదాంట్లో కిటికీ తెరిచి, "రైలు కదులుతాంది, పో, నీ సీట్లో ఎవురన్నా కూసుంటారు" అంది.

"కూసోనీ" అన్నాను.